రెండో గేరు

సింధియా దాటి, రిఫైనరీ వాసన వెనకబడ్డాక
రోడ్డు తల పైకెత్తుతుంది.
అక్కడే ఏసీ కట్టించేవాడు కొర్లయ్య.
"నీకు సల్లగుంటే సరిపోద్దేటి టీచరమ్మా,
దానికి ఆయాసం కాదూ?"

ముప్పై ఏళ్ళు హార్బర్లో ఖనిజం లారీ తోలినవాడు.
ఎడమ చెవి పోయింది.
పక్క సీట్లో కూర్చుంటే
వినపడే చెవి నా వైపు,
వినపడనిది లోయ వైపు.

నాకు నలభై మూడు.
యారాడ బడికి లెక్కల టీచర్‌గా బదిలీ.
బోర్డు మీద వాలుని వెయ్యిసార్లు గీసినదాన్ని.
ఆ త్రిభుజాల్లో ఏ కర్ణమూ
ఒక్కసారైనా వెనక్కి జారలేదు.

మొదటి మలుపు దగ్గరే ఆగిపోయాను.
వెనక ఆటో హారన్, కాళ్ళలో వణుకు.
"ఆడిని మొత్తుకోనీ.
క్లచ్చి సగం లేపు.
బండి ముక్కు పైకి లెగుస్తాది, సూడు.
అదిగో, మాటిచ్చేసింది.
ఇప్పుడొగ్గు హ్యాండు బ్రేకు."
కదిలింది.
అమ్మ పోయాక మొదటిసారి
గట్టిగా నవ్వాననుకుంటాను ఆ రోజు.

మలుపుకి ముందు ఒక హారన్, పొడుగ్గా.
మలుపులో ఉండగా గేరు మార్చకు.
చూపు రోడ్డు చివర ఉండాలి, బానెట్ మీద కాదు.
ఎడమన పొదల సందులోంచి నీలం తళుక్కుమంటే
"సముద్రాన్ని సూడకు. అదెక్కడికీ పోదు."

దిగడం వేరే చదువు.
"ఏ గేర్లో ఎక్కేవో ఆ గేర్లోనే దిగు.
బ్రేకు మీద కాలు నిద్దరోకూడదు,
నొక్కు, ఒగ్గీ, మళ్ళీ నొక్కు.
ఇంజను గొణుగుతాది, గొణగనీ.
గొణుగుతున్నాదంటే నిన్ను పట్టుకున్నాదన్నమాట.
సప్పుడాగిపోయిందంటే ఒగ్గీసినట్టే."

డీజిలు మిగులుతుందని ఒక్కసారే
న్యూట్రల్లో దిగాడట తను.
ఏ కొండో చెప్పలేదు, ఏ సంవత్సరమో చెప్పలేదు.
క్లీనర్ పేరు మాత్రం చెప్పాడు,
సూరప్పడు.
ఆ తర్వాత కిందికి చేరేదాకా
ఇద్దరం మాట్లాడలేదు.

ఆషాఢంలో ఒక సాయంత్రం,
బడి వదిలాక, ఒంటరిగా సిటీ వైపు దిగుతున్నాను.
("నీకింక నానెందుకు" అని రావడం మానేశాడు.)
వాన వెలిసి రోడ్డు మీద ఎర్రమట్టి చారలు.
మలుపు అవతల హారన్, పొడుగ్గా.
ఆగాను.

మొదట కనిపించింది లారీ కాదు,
పడవ.

కొండ ఎక్కుతున్న పడవ!
నీలం ముక్కు గాల్లోకి చాచి,
తోక లోయ మీద వేలాడదీసి,
మలుపంతా తనే అయి వస్తోంది.
హార్బర్లో మరమ్మతయి యారాడ తీరానికి పోతోంది.
దాని కింద లారీ
ముసలి ఎద్దులా ఒగరుస్తోంది.

ఎక్కేవాడికే దారి.
ఎక్కేవాడు ఆగితే మళ్ళీ కదలడం కష్టం.
దిగేవాడికి పోయేదేముంది,
కాస్త పౌరుషం తప్ప.

రివర్స్ వేశాను.
వెనక్కి, అదీ పైకి, వెనక ఎవరూ లేరు కదా అని
మూడు అద్దాల్లో మూడుసార్లు చూసుకుంటూ,
రోడ్డు వెడల్పయిన చోటికి
జానెడు జానెడుగా.
కొండ గోడ అద్దాన్ని గీరింది. గీరనీ.

బెత్తెడు దూరంలో పడవ దాటుతుంటే
పైన తాడు పట్టుకుని కూర్చున్న కుర్రాడు
నన్ను చూసి గతుక్కుమన్నాడు.
తొమ్మిదో తరగతి దానయ్య,
ఆ రోజు హాజరుపట్టీలో లేనివాడు.
చెయ్యి ఊపాలా దాక్కోవాలా తేలక
రెండూ చేశాడు.

లారీ డ్రైవర్ కిటికీలోంచి
అరచెయ్యి ఎత్తాడు, అంతే.
ఏ అధికారీ ఇన్నేళ్ళలో నాకు
అంతకంటే మంచి సర్టిఫికెట్ ఇవ్వలేదు.

పడవ వెళ్ళిపోయింది.
హ్యాండ్ బ్రేకు లాగి, గేర్లో ఉంచి,
ముందు చక్రాలు కొండ వైపు తిప్పి,
అప్పుడు చూశాను సముద్రాన్ని.

నిజమే, ఎక్కడికీ పోలేదు.

ఆ మాటే చెబుదామని
ఎడమ సీటు వైపు తిరిగాను.