స్టూలు

తెల్లారి నాలుగున్నరకి వ్యాను.
ముత్తుకూరు రోడ్డు మీద లైట్లు ఇంకా ఆర్పరు.
వరిగొండలో పెంచలమ్మ ఎక్కుతుంది.
సీటు ఖాళీగా ఉన్నా కమ్మీ పట్టుకుని నిలబడుతుంది.
నాది నడిమి స్టాపు. వయసూ నడిమిదే, నలభై ఒకటి.
ఆఖర్న కెజియా, తల తడారకుండానే,
చెవుల్లో పాటలు, కళ్ళల్లో సగం నిద్ర.

షెడ్డులో ఐసు. బ్లీచింగు నీళ్ళ వాసన.
స్టీలు బల్లకి ఇటొక వరస, అటొక వరస.
రొయ్య తల తుంచు, తొక్క ఒలువు, నరం లాగు.
కిలోకి ఇంత.
పదింటికల్లా వేళ్ళు మనవి కావు.
ఎవరివో, తెల్లగా నానినవి
మన మణికట్లకి తగిలించి పోయుంటారు.

చేరిన మూడో రోజే అడిగింది సూపర్‌వైజర్ని:
"సార్, కూర్చోడానికి ఏం లేదా?"

చేతులన్నీ ఆగాయి.
పదకొండేళ్ళుగా నా నోట్లో నానుతున్న మాట
ఎవరి నోట్లోంచో అంత తేలిగ్గా వచ్చేసింది.

"అట్టాంటి రూలు లేదు."
"కూర్చోకూడదని ఉందా సార్?"
ఆయన రూలు వెతకడానికి ఆఫీసులోకి పోయాడు.
ఇంకా వెతుకుతున్నట్టే ఉన్నాడు.

మర్నాడు నీలం ప్లాస్టిక్ స్టూలు
పెద్దబజారులో బేరమాడి కొన్నదంట,
వ్యానులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది,
తొలికానుపు బిడ్డని తెచ్చినట్టు.

"కూచుంటే చెయ్యి కూడా కూచుంటాది మే,"
అంది పెంచలమ్మ.
"చెయ్యి నాదే గదవ్వా. లెయ్యమంటే లేస్తుంది."

అన్నాల దగ్గర ముసలామె
నాతో చెప్పింది, ఆ పిల్లకి వినపడేట్టు:

"పన్నెండో ఏట వంగినా మొలగొలుకుల నాట్లకి.
మా అత్త వంగే పోయింది.
పాడె మీద నడుము సాపను ఇద్దురు పట్టాల్సొచ్చె.
ఈ షెడ్డు పెట్టినప్పుడు
నిలబడి చేసే పనంట అన్నారు.
నిలబడి!
ఆ రేత్రి మా ఇంటాయనకి చెప్పినా,
నాకు ఉద్యోగమొచ్చిందయ్యా అని."

కెజియా నమలడం ఆపింది.
ఊరగాయ ముక్క ఒకటి తీసి అవ్వ గిన్నెలో వేసింది.
మధ్యాహ్నం మళ్ళీ స్టూలు మీదే కూర్చుంది.

ఫోనులో రోజూ టబ్బులు రాసుకునేది. తనవీ, మావీ.
ఒక శనివారం స్లిప్పులు పక్కన పెట్టి చూపించింది:
"అవ్వా, నీకు రోజుకి రెండు కిలోలు తగ్గించి రాస్తున్నారు."

"తెలుసు."

తెలుసు!
చదువు రాని పెంచలమ్మ బల్ల అంచున
టబ్బుకొక రొయ్య తల పెట్టుకుంటుంది. ఎప్పట్నుంచో.
నేను చూస్తూనే ఉన్నాను, ఎందుకో అడగలేదు.
నా స్లిప్పు సంగతి నాకూ తెలుసు,
నేను తలలైనా పెట్టుకోలేదు.

"రెండు కిలోలు పోతే పోయె. పని పోలేదు గదా."
"పని పోతే ఇంకోటి వస్తుందవ్వా."
ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు,
ఏటికి ఆ గట్టున ఒకరు ఈ గట్టున ఒకరు,
మధ్యలో నేను, పడవ తెలియని నీళ్ళలాగా.

ఎనిమిదో నెలలో కెజియా మానేసింది.
కృష్ణపట్నం పోర్టు దగ్గర ఏదో ఆఫీసులో ఎంట్రీలు కొట్టే పని.
గొడవ లేదు, ఏడుపు లేదు.
"రేపట్నుంచి రానక్కా," అని ఏప్రాన్ మడిచి ఇచ్చింది.
పెంచలమ్మకి రెండు రోజులు ముద్ద దిగలేదు.
"చెప్పులిడిచినట్టు ఇడిచిపెట్టిందే," అంటుంది.
కోపమో, ఇంకేదో.
ఆ గొంతు నాకు కొత్త.

స్టూలు తీసుకుపోలేదు ఆ పిల్ల.
రోజూ పొద్దున పెంచలమ్మ దాన్ని కడిగి బోర్లిస్తుంది.
కూర్చోదు.
నిన్న నా మోకాలు పట్టేసి నేను కూర్చున్నాను.
చూడనట్టే చూసి,
టబ్బు నాకు అందేట్టు ఇటు జరిపింది.

సాయంత్రం స్లిప్పు నా చేతిలో పెట్టింది.
"ఎంతుందో సదువు."
మెల్లగా చదివాను.
బల్ల అంచున తలలు లెక్కపెట్టుకుని అంది:
"గెట్టిగా సదువు మే.
ఆయన ఆఫీసులో ఉండాడు."