మా నాన్న కురిపించిన వాన

చిలోయే దీవిలో వానకి కరువన్న మాట
బుద్ధెరిగాక నేను వినలేదు.
మా బట్టలు పొయ్యి మీదే ఆరుతాయి,
మా చెక్క చర్చి పెంకులకి నాచు పట్టి
చేప పొలుసుల్లా మెరుస్తాయి.
సరిగ్గా ఆ మంగళవారమే ఆకాశం మొండికేసింది.

శాంతియాగో నించి సినిమా వాళ్ళు దిగి అప్పటికి పదిహేను రోజులు.
ఊరికి చెప్పిన కథ: ఇద్దరు స్నేహితులు, ఒక పడవ.
అంతవరకే చెప్పారు.
దొన్యా ఉబెర్లిందా తన వంటిల్లు అద్దెకిచ్చింది,
ఫాదర్ గంట మోగించుకోనిచ్చాడు,
ఎద్దులాయనకి ఎద్దుకింతని ముట్టింది.
ఇప్పుడు వాన కావాలన్నారు.
మా ఊరికి నిప్పార్పే బండి ఒక్కటే,
దాని పైపు పట్టే చెయ్యి మా నాన్నది.

డీజిల్ ఖర్చూ, కొత్త హెల్మెట్లకి చందా. బేరం కుదిరింది.
నాన్న నిచ్చెనెక్కాడు. కింద చుట్ట విప్పుతూ నేను,
పదహారేళ్ళవాణ్ణి, రోసమెల్ అని తాత పేరు,
గులాబీనీ తేనెనీ కలిపిన ఆ పేరు మోస్తున్నందుకు
బళ్ళో తిన్న దెబ్బలు లెక్కపెట్టడం మానేసినవాణ్ణి.

"నీళ్ళు!"
నాన్న పైపు ముక్కు తిప్పాడు.
గాలివాటం చూసి, చినుకు విరిగేలా, మొహాల మీద కొట్టకుండా.
ఇల్లు తగలబడుతున్నప్పుడు కూడా
అంత ఒద్దికగా పట్టడం నేను చూళ్ళేదు.
ఆ వానలో
పడవ పక్కన
ఒక కుర్రాడు ఇంకో కుర్రాడి చెవి వెనక తడి తుడిచి
ముద్దు పెట్టుకున్నాడు.

పైపు వణికింది.
నీళ్ళ ఒత్తిడా, నాన్నా, నేనా,
ఎవరు వణికారో ఇప్పటికీ తేల్చలేను.
దర్శకురాలు కట్ అనలేదు.
నాన్న ఆపలేదు.
ఒప్పుకున్న పని మధ్యలో వదిలే మనిషి కాడు, అంతే,
అనుకున్నానప్పుడు.
ఏడుసార్లు తీశారు. ఏడుసార్లూ కురిశాడు.
ట్యాంకు అడుగంటింది.

ఏం తీశారని ఆ రాత్రి అమ్మ అడిగితే
"తడిపాం" అన్నాడు,
చేపలో ముళ్ళేరుకుంటూ.

ఏడాదికి బొమ్మ పడింది,
ఫైర్ స్టేషన్ హాల్లోనే, తెల్ల దుప్పటి కట్టి.
"ఇది మన ఊరు కాదు" అంది ఉబెర్లిందా
తన పొయ్యి మీద తన కెటిల్ పొగలు కక్కుతుంటే.
ఎద్దులాయన తన ఎద్దుల్ని గుర్తుపట్టి, నవ్వబోయి, మానుకున్నాడు.
ఫాదర్ లేచి వెళ్ళిపోయాడు;
ఆయన గంట మాత్రం తెరలో మోగుతూనే ఉంది.
ముద్దు దగ్గర ఎవరిదో ఈల, ఎవరో ఉమ్మిన చప్పుడు,
కుర్చీలు కిర్రుమన్నాయి.
వెనక చీకట్లోంచి ఒక గొంతు, "అంతా దొంగ! ఆ వాన కూడా దొంగవానే!"

అప్పుడు మా నాన్న నోల్బెర్తో,
నలుగురిలో నోరు విప్పి ఎరగనివాడు,
కూర్చున్న చోటే, తెర మీంచి చూపు తిప్పకుండా
"వాన నాది" అన్నాడు.

ఇంకేమీ అనలేదు. మిగతా సినిమా ఏమైందో
నాకు గుర్తు లేదు.

ఇంటిదారిలో అసలు వాన పట్టుకుంది.
వంతెన దాటాక అడిగాడు:
"ఆ పొడుగాటి పిల్లాడు...
నీళ్ళు మంచులా ఉన్నాయారోజు...
తర్వాత ఎవరైనా దుప్పటిచ్చారా?"

"నేనిచ్చాను."

ఇచ్చాను. బండిలో ఉండే దుప్పటి, పాత మంటల వాసనది.
అందుకుంటూ అతని వేళ్ళు నా వేళ్ళ మీద
అవసరం కన్నా ఒక్క క్షణం ఎక్కువ
చలి కాచుకున్నాయి.
ఆ సంగతి నాన్నకి చెప్పలేదు.
చెప్పనిది ఆయన వినలేదని మాత్రం అనుకోను.

"మంచి పని" అన్నాడు.
టోపీ తీసి, దులిపి,
నీళ్ళు కారుతున్న తల మీదే మళ్ళీ పెట్టుకున్నాడు.