కార్గో కాంటా

సల్మాబాద్ గల్లీల కార్గో ఆఫీసు కాంటా మీద
శుక్రవారం పొద్దుగాల ఓదెలన్నను నిలబెట్టినం.
దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, బొమ్మకార్లు జోకే కాంటా అది.
నూటాఆరు.
"సముద్రం మీదనా, గాలిమోటర్లనా?"
అడిగిండు కార్గో పిలగాడు.
అందరం నవ్వినం. ఓదెలన్న గూడ నవ్వి
చెప్పులిడిచి మళ్లొకసారి ఎక్కిండు.
నూటాఐదున్నర.

స్కాఫోల్డింగ్ బెల్టు మీద రాసుంటది: వంద కిలోలు.
అంతకు దిగకుంటే పైకి ఎక్కనియ్యనని
సేఫ్టీ ఆఫీసరు సంతకం పెట్టిండు.
పైకి ఎక్కకుంటే ఓవర్‌టైం లేదు.
షుగరు సంగతి డాక్టరు వేరే కాగితం మీద రాసిండు.
ఆ కాగితం మడత ఓదెలన్న ఇప్పనే లేదు.

పద్నాలుగో నంబరు రూముల ఆరుగురం.
ఒకటే పొయ్యి, ఒకటే గిన్నె, ఒకటే మెస్సు లెక్క.
"ఆయనకొక్కనికి వేరే వండుడంటే
రోగానికి వేరే కంచం పెట్టినట్టుంటది"
అన్నడు పోశెట్టి.
ఆ రాత్రే బియ్యం డబ్బా మంచం కిందికి పోయింది.

మొదటి వారం ఒకళ్ల మీద ఒకళ్లం కస్సుబుస్సులు.
సత్తిబాబుది కోనసీమ.
"అన్నం లేకుండా నిద్రెలా పడుద్దండీ" అని
నడిరాత్రి లేచి కూసునేటోడు.
దేవయ్య దిగొచ్చి, మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టి
ఒక్క మాట మాట్లాడకుండ మళ్ల మంచమెక్కేటోడు.
చాయ్ దుకాణం మలబారాయనకు ఎవరు చెప్పిండ్రో,
ఓదెలన్న అడిగినా, మేమడిగినా
రెండో కరక్ చాయ్ పొయ్యనన్నడు.

నేనొకసారి తప్పిన.
ఇంటికి పైసలు పంపుదామని మనామా పోయి
ఒక్కణ్నే కూసొని మటన్ బిర్యానీ తిన్న.
సబ్బుతోని మూడుసార్లు చెయ్యి కడిగిన.
రూముల అడుగుపెట్టంగనే ఓదెలన్న ఊపిరి పీల్చి
"లవంగం ఎక్కువేసిండా?" అని
జేబుల నుంచి సోంపు తీసి నా చేతిల పోసిండు.
ఆ సోంపు నమిలినంత సేపు తల ఎత్తబుద్ధి గాలే.

లీవుకు పోయొచ్చిన రాయమల్లు
ఏడు కిలోల చేతిసంచిల ఐదు కిలోలు జొన్నపిండే తెచ్చిండు.
సకినాలు లేవు, తొక్కు లేదు.
కస్టమ్సాయన మూట విప్పి, వేలు ముంచి, వాసన జూసిండట.
ఏ రొట్టెను జూసి చిన్నప్పుడు అమ్మ మీద అలిగినమో,
ఏ రొట్టె పోయి తెల్లబువ్వ రావాల్నని
మిత్తికి తెచ్చి ఏజెంటు చేతిల పోసినమో,
ఆ రొట్టెనే ఆరుగురం నేల మీద కూసొని
టపటప కొట్టినం.
కింది రూమోళ్లు కట్టెతోని స్లాబు పొడిచిండ్రు.
సత్తిబాబు కొట్టింది మూడు ముక్కలైంది,
ముందుగాల అయిపోయింది గూడ అదే.

వీడియోల వదిన గుర్తువట్టింది.
"బుగ్గలు లోపలికి పోయినయి. తిండి పెడ్తలేరా?"
ఊళ్లె మా పొట్టలే గదా పాస్‌బుక్కులు.
సన్నవడ్డోడంటే అప్పులపాలైనోడే.
ఓదెలన్న ఫోను దూరం పట్టిండు, దగ్గర పట్టిండు.
పోశెట్టి గుంజుకొని మొత్తం చెప్పేసిండు,
బెల్టు సంగతి, షుగరు సంగతి, మడత ఇప్పని కాగితం సంగతి.
అవతల చాన సేపు చప్పుడు లేదు.
వెనుక ఎక్కడ్నో మేక అరిచింది.
"నాకు గూడ వచ్చింది" అన్నది వదిన.
"పోయిన్నెల. పరాయి దేశంల బెంగటిల్లుతవని చెప్పలే."

ఇప్పుడు రోజూ రాత్రి తొమ్మిదింటికి
ఆమె కంచం ఈయనకు, ఈయన కంచం ఆమెకు.
"గదేంది, మూలకు?"
"బంగాళదుంప. ఒక్కటే."
"తియ్."
తీసి పక్కన పెడ్తడు.
దాన్ని మేమెవ్వరం ముట్టుకోం.

మొన్న శుక్రవారం నూటరెండు.
కార్గో పిలగాడు ఈసారి జోకెయ్యలే, జోకిండు.
ముందుగాల కాంటా మీది డబ్బాలు పక్కకు జరిపి
"చెప్పులిడువన్నా" అన్నడు.