అరవై మూడు శాతం

అరవై మూడు దగ్గర ఆగింది.
సిరొంచ బస్టాండు ఎనక, రాజుబాయి కిరాణంల
కెమెరా ఎర్రగ రెప్ప కొడుతంది
కండ్లకలకొచ్చిన పిలగాని తీరు.

"పొద్దుమీకి కొత్త వర్షన్ అన్నది, సరే అని ఒత్తిన.
నడిమిట్ల కరెంటు పాయె," అంటది ఆమె,
తప్పు కరెంటుదైనట్టు, జరంత నాది గుడ అయినట్టు.

మొదాలు నెట్టు చూసిన. ఒకటే గీత,
అదీ ప్రాణహిత అవతలి టవరుది.
గాలి ఇటు మర్లితే రెండు గీతలు,
లారీ అడ్డమొస్తే సున్న.

ఇగ దాన్ని నమ్మకుంట
కార్డు తుడిచి పాత ఫైలు ఎక్కించిన.
బయటి ఆటో బ్యాటరీ నుంచి వైరు గుంజిన.
"సన్నటి పుల్ల ఉన్నదా?" అంటే
గాజులకున్న పిన్నీసు తీసిచ్చింది.
రీసెట్ బొక్కల గుచ్చి లెక్కవెట్టినం:
నేను పది అన్న, ఆమె దహా అన్నది,
ఒక్కపారే.

గిర్రున మెడ తిప్పింది కెమెరా.
ఫోన్ల బొమ్మ పడ్డది: బెల్లం డబ్బా, తక్కెడ,
మా ఇద్దరి నడినెత్తులు.
మూలకు తారీఖు, జనవరి ఒకటి,
పందొమ్మిది వందల డెబ్బై.
"అప్పటికి నేను పుట్టనే లేదు," నవ్వింది.

అప్పుడు చెప్పిన, కార్డుల పాతవన్నీ పోయినయని.
తెల్లారగట్ల పాల ప్యాకెట్లు ఎత్తుకపోయేటోడు
అందులనే ఉండె.

"ఎవలో నాకు ముందుగాలనే ఎరుక,"
పిన్నీసు మళ్ల గాజుకు తగిలించుకుంట అన్నది.
"కెమెరాకు ఎరుకైనంక
అడగకపోతే బాగుండదు గదా.
రెండొందలు చాల్నా?"