గడి బయట

విర్వే కూసిక్ గారి పత్రాలు లెక్కపెట్టమని
డీన్ ఆఫీసు నుంచి కబురు.
పదవీ విరమణ సభకి ఒక పేజీ కావాలట,
అంకెలు పెద్దవిగా, రంగుల్లో.

నేను టార్టూలో లైబ్రరీ గుమస్తాని.
గడ్డి పేర్లు నాకు రావు.
గడులు నింపడం వచ్చు.

అరవై ఒక్క పత్రాలు.
సైటేషన్లు నాలుగు వేల రెండు వందల పన్నెండు.
హెచ్-ఇండెక్స్ పద్నాలుగు.

అందులో మూడు వేల మూడు వందల ఎనభై
ఒకే ఒక్క నాలుగు పేజీల వ్యాసానివి.
కాలు విరిగి మంచాన పడ్డ ఒక మార్చి నెలలో
విసుగు పుట్టి రాసిందట.
మీటరు పొడవు, మీటరు వెడల్పు చెక్క చట్రం
గడ్డి మీద పరిచినప్పుడు
అంచున నిలబడ్డ మొక్క లోపలిదా, బయటిదా?
వేరు లోపలుంటే లెక్క.
బయట పాతుకుని లోపలికి తొంగిచూసేది
ఎంత విరగబూసినా లెక్కలోకి రాదు.
అంతే.
అర్జెంటీనా నుంచి ఆల్తాయ్ దాకా
చట్రం పట్టిన ప్రతివాళ్ళూ
మోకాళ్ళ మీద కూలబడే ముందు
ఆమె పేరొకసారి తలుచుకుంటారు,
కొబ్బరికాయ కొట్టినట్టు.

ఆమెకి ఇష్టమైన పత్రం అది కాదు.
హియుమా దీవిలో, బర్చ్ చెట్ల నడుమ
ఒక పచ్చికబయలు.
అరచేతంత నేలలో పాతిక రకాలు మొలిచే చోటు.
ఇరవై ఆరు జూలైలు,
తుప్పు మేకులు గుర్తుగా, అవే పన్నెండు చట్రాలు.
ఏ ఏడు తుంగ బలిసింది, ఏ ఏడు ఆర్కిడ్ అలిగింది,
ఎవరు ఎవరికి చోటిచ్చి తప్పుకున్నారు,
నలభై ఏడు పేజీలు.
సైటేషన్లు రెండు.
రెండూ ఆమెవే.

నాకెందుకో మనసొప్పలేదు.
పేరు తప్పు రాసి వెతికాను. మా వృత్తిలో ఇదొక విద్య.
ఇంటిపేరులో ఒక అక్షరం ఎక్కువ వేస్తే
దొరికింది మూడోది.
జిల్లా రహదారుల శాఖ ఫైలు,
వంకరగా స్కాన్ చేసిన ఎనభై ఎనిమిదో పుట,
చీమతలల్లాంటి అక్షరాల్లో:
"పై కారణం చేత రోడ్డును నలభై మీటర్లు
దక్షిణానికి జరపడమైనది."

ఆ రోడ్డు నాకు తెలుసు.
మా పిన్ని వాళ్ళ ఊరికి పోయే బస్సు
అక్కడ ఒక్కసారి ఒరుగుతుంది.
సంచులు జారతాయి, పొగబెట్టిన చేపల పొట్లం
ఎవరి ఒళ్ళోనో పడుతుంది.
"బల్లపరుపు నేల మీద ఈ మలుపేమిటి,
తాగి వేశాడా ఇంజనీరు?"
ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు.
నేనూ అన్నాను.

గడిలో ఎక్కించబోతే ఎర్రగీత.
ఇది జర్నలు కాదంది కంప్యూటరు.
వేరు బయట ఉంది.

ఫోన్ చేశాను ఆమెకి.
"ప్రభావం" అన్న గడిలో ఏం రాయమంటారు?
కాసేపు ఏమీ వినపడలేదు. కెటిల్ ఈల.
"కాల్యుకి మోకాలి ఆపరేషన్ అయింది" అంది.
కాల్యు ఎవరని అడిగాను.
"నా ఇరవై ఆరేళ్ళూ గడ్డి కోసినవాడు.
మేకులకి కొడవలి తగలకుండా.
కోయకపోతే హేజెల్ పొదలు లేస్తాయి,
నీడ పడితే సగం పూలు పోతాయి.
రెండేళ్ళు వదిలేస్తే చాలు
నా పత్రం అబద్ధమైపోతుంది."
రచయితల వరుస మళ్ళీ చూశాను.
కాల్యు లేడు. కృతజ్ఞతల్లోనూ
"స్థానిక సహకారం" అని మాత్రమే ఉంది.
ఆ మాట ఎత్తకముందే ఆమే అంది,
"అది నా తప్పు. రాసుకో."
ఎక్కడ రాసుకోను?

పేజీ పంపేశాను.
నాలుగు వేల రెండు వందల పన్నెండు,
ఆకుపచ్చ రంగులో.

శనివారం పడవ దాటి బస్సెక్కాను.
గోనె చుట్టిన పొడుగుపిడి కొడవలి
కాళ్ళ దగ్గర.
మలుపులో సంచులు జారాయి.
లేచి నిలబడ్డాను.
"ఇక్కడ స్టాపు లేదమ్మా" అన్నాడు డ్రైవరు,
అని,
బ్రేకు మీద కాలేశాడు.