పోయేదాన్ని పట్టుకో

కుతాయిసీలో, మెట్లు దిగి వెళ్ళే రొట్టెల దుకాణంలో
నాకో ముక్కాలిపీట వేసింది మా అక్క కూతురు త్సియాలా.
"బొమ్మకి ముప్ఫై సెకన్లు. రబ్బరు నా దగ్గరే ఉంటుంది"
అని వాచీ విప్పి పిండిబల్ల మీద పెట్టింది.

ముప్ఫై ఒక్క ఏళ్ళు వంతెనలు గీసినవాణ్ణి.
నా గీతల మీద లారీలు నడిచాయి.
కదలకూడదు, ఒరగకూడదు, అదే నా చదువంతా.
స్కేలు లేని చెయ్యి
రాళ్ళ మీద చెప్పుల్లేని కాలులా తడబడింది.

జుంబేరి పిండిముద్ద సాగదీశాడు.
నేనింకా అతని ముక్కు దగ్గరే ఉన్నాను.
అతనప్పటికే బావిలాంటి బట్టీలోకి
తల, భుజాలు, నడుము దాకా దూకేశాడు,
కాళ్ళు గాల్లో.
కాగితం మీద ముక్కొకటి మిగిలింది,
దానికి మనిషి లేడు.

"ముక్కెక్కడికీ పోదులే మామయ్యా.
పోయేదాన్ని పట్టుకో."
పోయేదేదే?
"అతను వంగినప్పుడు నీకెక్కడ లాగుతోందో చూసుకో."

నిజమే, అతను వంగిన ప్రతిసారీ
నా నడుములో ఏదో పట్టేస్తోంది.
అక్కణ్ణించే మొదలెట్టాను.
మడమ నుంచి మెడ దాకా
ఊపిరి బిగబట్టి, ఒకటే గీత.

పన్నెండోది వానపాము.
పదిహేడోది గాలికి తిరగబడ్డ గొడుగు.
ఇరవై మూడోదానికి తల లేదు, చేతులు లేవు,
అయినా రొట్టెల కోసం నిలబడ్డ ముసలామె ఒకతె
నా భుజం మీంచి తొంగిచూసి
"అయ్యో, పడతాడేమో!" అంది.

త్సియాలా ఏమీ అనలేదు. కాగితం తిప్పింది.

మధ్యాహ్నానికి నా వేళ్ళన్నీ బొగ్గు.
జుంబేరి చెమట తుడుచుకుంటూ వచ్చి
ఇందులో నేనెక్కడ అన్నాడు.
చూపించాను.
చాలాసేపు చూశాడు.
"కుడి మోకాలు" అన్నాడు గొంతు తగ్గించి,
"నొప్పని ఇంట్లో కూడా చెప్పలేదు.
నీకెవరు చెప్పారు?"

నేను మోకాలు గీయనే లేదు.
అక్కడికొచ్చేసరికి గీత కాస్త
తప్పుకుని వెళ్ళింది, అంతే.
ఎందుకో నాకూ తెలీదు.

కాలే రొట్టె ఒకటి నా ఒళ్ళో పడేసి
డబ్బు తీయబోతే కసిరి
మళ్ళీ వంగాడు.
బొగ్గుముక్క కోసం జేబు తడుముకునేలోగా
లేచి నిలబడ్డాడు కూడా.