తరుగు

ఒకటో తారీఖు నుంచి కాగితం చెల్లదట.
కాపులుప్పాడ కాటా గదిలో, గోడ మీద బల్లి కింద
కొత్త నోటీసు. జిగురింకా ఆరలేదు.
తొమ్మిది రోజులుంది.

ట్యాబు అట్టపెట్టెలో వచ్చింది.
ఆ అట్టపెట్టెని ఏ గడిలో రాయాలన్నది
నా మొదటి సందేహం.
నేర్పడానికొచ్చిన నిశాంత్ నవ్వలేదు.
"పొడి చెత్త సార్. ఉపవర్గం, కాగితం."

నా రిజిస్టర్లు పద్దెనిమిది.
హుద్‌హుద్‌కి తడిసిన మూడూ
ఇప్పటికీ నూనెలో వేసిన అప్పడాల్లా ఉబ్బే ఉన్నాయి.
వాటిలో లారీ నంబర్ల పక్కన
సందు దొరికినచోటల్లా రాసుకున్నాను:
పూర్ణా మార్కెట్ బండి, అన్నీ పనస తొక్కలే, గదంతా వాసన.
జాలరిపేట ట్రాక్టరు, వేట నిషేధం, తేలిగ్గా వచ్చింది.
డ్రైవరు ముత్యాలుకి ఆడపిల్ల. బరువు చెప్పలేదు.

"రిమార్కులకి ఎన్ని అక్షరాలు బాబూ?"
"ఇరవై సార్. తెలుగు ఎక్కదు."

మధ్యాహ్నం ఏరేవాళ్ళ నమోదు.
రేకుల షెడ్డు నీడ జరిగినకొద్దీ
వరస కూడా జరుగుతోంది.
పెంటమ్మ వేలు పెట్టింది. యంత్రం ఒప్పుకోలేదు.
ఇంకో వేలు.
కొంగుకి తుడిచి మళ్ళీ అదే వేలు.
ఇరవయ్యేళ్ళుగా గాజుపెంకులూ సీసా మూతలూ
ఆసుపత్రి సూదులూ
ఆ గీతల్ని ఒక్కొక్కటే ఏరుకుపోయాయి.

మొహం చూపించమన్నారు. రెప్ప ఆర్పమన్నారు.
ఆర్పింది. తెర మీద పచ్చటి సున్నా.
పేరు అడిగి, విని, నిశాంత్ ఆగిపోయాడు,
మనిషి గడిలో సరుకు పేరు పడుతోందేమోనని.

"నాకు ముందు ముగ్గురు పోనారు బాబూ.
నానైనా దక్కాలని మాయమ్మ
పురిట్లోనే పెంటకుప్ప మీద తొంగోబెట్టీసి
మా పిన్ని సేత ఎత్తించీసింది.
నానంటే సావుకి అసయ్యం పుట్టాలని.
పుట్టినాది మరి!
అరవయ్యేళ్ళైనాది, ఇటేపు రానేదు."

కుర్రాడి వేళ్ళు కాసేపు గాల్లోనే ఉన్నాయి.
తర్వాత ఒక్కో అక్షరమే కొట్టాడు,
ఆమెకి రాదని తెలిసీ
తెర ఆమె వైపు తిప్పి, సరేనా అని అడిగాడు.

మచ్చుకి ఆమె మూటనే తూచాం.
సీసాలు. ఇరవై మూడు పాయింటు నాలుగు.
నా చెయ్యి అలవాటు కొద్దీ
తరుగు గడి కోసం వెతికింది.
తడికి ఒకటి, మట్టికి ఒకటి,
మూటకి రెండు కిలోలు.
నా ముందరి గుమస్తా నేర్పిన లెక్క,
అతనికి అతని ముందరివాడు నేర్పింది.
గుత్తేదారు వాటా పోగా
నా టీ డబ్బులు అందులోంచే.
తెరని పైకి జరిపాను. కిందికి జరిపాను.
ఆ గడి లేదు.

మనవరాలి ఫోను టింగుమంది.
పిల్ల అంకె పైకి చదివింది.
పెంటమ్మ నా వైపు చూడలేదు.
కాటానే చూస్తూ అంది:
"యేటి బాబూ, ఇయ్యాల మట్టి నేదేటి?"

రాత్రి. పాత మూడేళ్ళూ ఎక్కించాలట.
రిజిస్టరు తెరిచాను.
నీలం సిరాలో తూగింది,
ఎర్ర సిరాలో తరుగు,
మళ్ళీ నీలంలో ఇచ్చింది.
కొత్త దాంట్లో ఒక్కటే గడి.
ఏ అంకె వెయ్యాలో నిశాంత్ చెప్పలేదు.
అడిగితే చెప్పేవాడే.

రెండు కిలోలు, రోజుకి మూటలు ఎన్నని,
కూడబోయి మానేశాను.
భీమిలి వైపు నుంచి ఉప్పుగాలి,
పేజీలు వాటంతటవే తిరుగుతున్నాయి.
వేలు అడ్డం పెట్టి ఆపాను.

ట్యాబు మధ్యలో నిద్రపోయింది.
అదే వేలు ఆనించాను.
గీతలన్నీ భద్రంగా ఉన్న వేలు.
మొదటిసారికే ఒప్పుకుంది.